మెట్ల లైటుకు డిమ్మర్ ఎందుకు వద్దంటున్నానంటే

మా ఫ్యామిలీ గ్రూపులో ఈమధ్య ఒక వీడియో తిరిగింది. అమెరికాలో ఎవరో ఒకాయన గోడమీది స్విచ్ ఊడదీసి, ఆ స్థానంలో గుండ్రటి నాబ్ ఉన్న డిమ్మర్ బిగించి, పది నిమిషాల్లో పని ముగించేస్తాడు. నాబ్ తిప్పగానే గదంతా మెల్లగా పసుపు వెలుగులోకి దిగుతుంది. దాని కింద మా మరదలు "వదినా, మన మెట్ల లైటుకి కూడా ఇది పెట్టించేశాం" అని రాసింది. పెట్టించేశాక చెప్పింది కాబట్టి అప్పటికి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. అనాల్సినవన్నీ ఇక్కడ అంటున్నాను. తమ్ముడూ మరదలూ ఇద్దరూ ఈ బ్లాగు చదువుతారు, చదవాలనే రాస్తున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్తాను. ఫస్టియర్ పిల్లల చేత వర్క్‌షాప్‌లో చెక్క బోర్డు మీద మెట్ల వైరింగ్ చేయిస్తాం. రెండు టూ వే స్విచ్‌లు, ఒక బల్బు. కిందది నొక్కితే వెలగాలి, పైది నొక్కితే ఆరాలి, ఆ తర్వాత ఏది నొక్కినా మారాలి. ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామంది రికార్డు పుస్తకంలో ఈ బొమ్మ గీసే ఉంటారు. పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయి ఉంటారు కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు చోట్ల నుంచి వేసి ఆపుకునే మెట్ల లైటుకు డిమ్మర్ పెట్టకూడదు. వైరింగ్ కష్టమని కాదు. సరైన డిమ్మర్ తెచ్చి సరిగ్గా కలిపితే శుభ్రంగా పనిచేస్తుంది. అలా శుభ్రంగా పనిచేసినప్పుడు కూడా వద్దనే అంటున్నాను. అయితే మా తమ్ముడింట్లో మొదట అది శుభ్రంగా పనిచేయలేదు. ఆ సంగతి ముందు చెప్పాలి.

టేపు అంటించిన స్విచ్

వాళ్లది హైదరాబాద్ శివార్లలో డ్యూప్లెక్స్ ఇల్లు. హాల్లో టీవీ, టీవీకి ఎదురుగా సోఫా, సోఫా వెనక మెట్లు. మెట్లు మలుపు తిరిగే చోట గోడకు ఒక ఎల్ఈడీ బల్బు, తెల్లగా ట్యూబులైటు రంగులో. రాత్రి సినిమా పెట్టుకుంటే ఆ బల్బు సరిగ్గా టీవీ తెర మధ్యలో కనిపిస్తుంది. ఆర్పేద్దామంటే పిల్లలు పైకీ కిందకీ తిరుగుతుంటారు. అందుకని మా తమ్ముడికి డిమ్మర్ ఆలోచన వచ్చింది. కోరిక న్యాయమైనదే, అందులో నాకు పేచీ లేదు.

కింద ఉన్న పడకగదిని వాడు ఆఫీసు గదిగా మార్చుకున్నాడు. అమ్మ గది పైన. పూజ గది పక్కనే ఉంటానని తనే పట్టుబట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, పాల ప్యాకెట్ల కోసం, స్టవ్ వెలిగించడం కోసం కిందికి దిగుతుంది.

మొన్న వెళ్లినప్పుడు పైన మెట్ల దగ్గరి బోర్డు చూస్తే టూ వే స్విచ్ మీద అడ్డంగా సెలోటేపు అంటించి ఉంది. టేపు అంచులకు దుమ్ము పట్టి నల్లబడింది కూడా. ఏమిటిదని అడిగాను.

"దాన్ని ముట్టుకోవద్దన్నాడు వదినా ఆ ఎలక్ట్రీషియన్ అబ్బాయి. ఇది ఇలా పైకి ఉంటేనే కింద డిమ్మర్ పనిచేస్తుందట. పిల్లలు ఊరికే నొక్కేస్తుంటే టేపేశాం."

"మరి అమ్మ?"

అమ్మే జవాబు చెప్పింది. "నేను చీకట్లోనే దిగుతాను, రెయిలింగు ఉందిగా. కిందికెళ్లాక వేసుకోవాలంట. దిగిపోయాక లైటెందుకు?"

జరిగిందేమిటో బోర్డు విప్పకుండానే తెలిసిపోయింది. టూ వే స్విచ్‌కు వెనక మూడు టెర్మినల్స్ ఉంటాయి. ఒకటి కామన్, మిగతా రెండు పైనున్న స్విచ్‌కు వెళ్లే జంట వైర్లకు. తెచ్చిన డిమ్మర్‌కు ఉన్నవి రెండే టెర్మినల్స్. మూడు వైర్లు, రెండు కన్నాలు. ఆ అబ్బాయి కామన్ ఒకదాంట్లో పెట్టాడు, జంట వైర్లలో ఒకటి రెండోదాంట్లో పెట్టాడు, మిగిలిన వైరుకు ఇన్సులేషన్ టేపు చుట్టి బాక్సులోకి తోసేశాడు. ఇక పైస్విచ్ ఒకవైపు ఉన్నప్పుడే డిమ్మర్‌కు దారి ఉంటుంది, రెండోవైపు నొక్కితే లైను తెగినట్టే. రెండు చోట్ల నుంచి పనిచేసే లైటు కాస్తా ఒక్క చోటి లైటు అయింది. ఆ ఒక్క చోటు అమ్మ లేని చోటు.

ఆ అబ్బాయిని తిట్టడం నాకిష్టం లేదు. చేతిలో పెట్టిన వస్తువుతో ఏం చేయొచ్చో అది చేశాడు. వెళ్తూ వెళ్తూ పైస్విచ్ సంగతి దాచకుండా చెప్పి మరీ వెళ్లాడు. కానీ ఒక్కటి గమనించండి. లైటు వెలిగింది, తగ్గింది, పెరిగింది. హాల్లో నిలబడి చూసేవాళ్లకు పని పూర్తయినట్టే. పైన నిలబడి చూసినవాళ్లు ఎవరూ లేరు.

షాపులో ఎవరూ అడగని ప్రశ్న

తర్వాత తమ్ముడు నన్ను వెంటబెట్టుకుని ఎలక్ట్రికల్ షాపుకు తీసుకెళ్లాడు. టూ వే డిమ్మర్ కావాలని అడిగాను. కౌంటర్ వెనకాయన "డిమ్మరే కదా మేడం, టూ వే ఏంటి, అన్నిటికీ అదే" అన్నాడు. ఆగి, "అసలు ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టేసుకోండి, చాలామంది అదే పెడుతున్నారు, రేటు కూడా తక్కువ" అని సలహా ఇచ్చాడు.

ఆయన మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదం. తిప్పుతుంటే వేగం క్రమంగా మారే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, పాత రకం డిమ్మర్ లోపల దాదాపు ఒకే జాతి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, అంటే 100 అర సైకిళ్లు. ఒక్కో అర సైకిల్ 10 మిల్లీసెకన్లు. లోపల ఉన్న ట్రయాక్ అనే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ ప్రతి అర సైకిల్ మొదట్లో కాసేపు కరెంటును ఆపి, ఆ తర్వాత వదులుతుంది. ఎంత ఎక్కువసేపు ఆపితే వెలుగు అంత తక్కువ. ఇక క్లిక్ క్లిక్‌మని ఒకటి, రెండు, మూడు అంటూ తిరిగే స్టెప్ రెగ్యులేటర్లలో ఉండేవి కెపాసిటర్లు. అవి ఫ్యాను మోటారు కోసం లెక్కగట్టినవి. వాటితో బల్బు ఏం చేస్తుందో ముందుగా చెప్పలేం.

ఇంట్లో గోడలో ఇమిడే ఎలక్ట్రానిక్ డిమ్మర్ 1959 నాటిది. న్యూయార్క్‌లో జోయెల్ స్పైరా అనే ఆయన తయారుచేశాడు, 1961లో లూట్రాన్ అనే కంపెనీ కూడా పెట్టాడు. అప్పటి బల్బు ఫిలమెంట్ బల్బు. ఫిలమెంట్ వేడెక్కి వెలుగుతుంది కాబట్టి సెకనుకు వందసార్లు కరెంటు కోసినా ఆ వేడి చల్లారే లోపే మళ్లీ కరెంటు వచ్చేస్తుంది, కంటికి తెలియదు. పైగా తగ్గించేకొద్దీ ఎర్రబడుతుంది. ఆ వీడియోలో కనిపించే బంగారు రంగు ఆ పాత బల్బు అలవాటు చేసిన రంగు. మామూలు ఎల్ఈడీని తగ్గిస్తే పసుపు పచ్చబడదు, ఉన్న తెలుపే మసకబడుతుంది. తమ్ముడింట్లో అదే అయింది. మరదలు "వీడియోలోలా రాలేదేంటో" అని వాపోయింది.

ఎల్ఈడీ బల్బు లోపల చిన్న డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. కోసిన కరెంటు ఇస్తే దానికి అర్థం కాదు. కొన్ని వణుకుతాయి, కొన్ని జుయ్‌మంటాయి, కొన్ని సగం నాబ్ దాకా అలాగే వెలిగి టక్కున ఆరిపోతాయి. డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి లేకపోతే అది డిమ్మర్ కోసం చేసిన బల్బు కాదనే లెక్క. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. కరెంటాఫీసు దగ్గర క్యూ కట్టి తెచ్చుకున్న ఆ బల్బులు మామూలు రకం, డిమ్మర్‌కు పనికిరావు. షాపుల్లో మనం అడక్కుండా ఇచ్చే బల్బులు ఇప్పటికీ ఆ మామూలు రకమే.

ఇంకో చిక్కు లోడు, అంటే డిమ్మర్ మీద ఉన్న బల్బుల వాట్లు, చాలకపోవడం. పాత డిమ్మర్లు 60 వాట్లో 40 వాట్లో కనీస లోడు ఉండాలని అడుగుతాయి. మెట్ల దగ్గర ఉన్నది 9 వాట్ల బల్బు. అంత చిన్న లోడు మీద ట్రయాక్ నిలకడగా నిలబడదు. దీనికి ఎల్ఈడీల కోసమే చేసిన డిమ్మర్లు ఉన్నాయి. అవి ఎక్కువగా అర సైకిల్ మొదలు బదులు చివర కోస్తాయి, మోత తక్కువ. వాటిలోనూ మూడు టెర్మినల్స్ ఉన్నది, నొక్కితే ఆన్ ఆఫ్ అయ్యేది వెతికి తెచ్చుకోవాలి. దొరుకుతుంది. మేం ఆన్‌లైన్‌లో తెప్పించాం, డిమ్మబుల్ బల్బుతో సహా. అలాంటివి సాధారణంగా రెండు మాడ్యూళ్ల, అంటే రెండు స్విచ్‌లంత, స్థలం తీసుకుంటాయి కాబట్టి ముందు ప్లేటు కూడా మార్చాల్సి వచ్చింది.

షాపులో డిమ్మర్ అడిగిన మనిషిని ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఆ లైటుకు స్విచ్ ఇంకెక్కడైనా ఉందా?" నేనెళ్లిన ఏ షాపులోనూ ఆ ప్రశ్న వినలేదు.

మెయిన్ ఆపితే కరెంటు పోయిందనుకోవద్దు

బిగించే పని గురించి ఒక్క మాట చెప్పి అసలు వాదనకు వస్తాను. అమెరికా వీడియోలో ఆయన బ్రేకర్ ఆపి నిబ్బరంగా చేయి పెట్టేస్తాడు. మన ఇళ్లలో చాలా వాటికి ఇన్వర్టర్ ఉంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. మెట్ల లైటు దాదాపు ఎప్పుడూ ఇన్వర్టర్ లైను మీదే ఉంటుంది. కాబట్టి మెయిన్ ఆపాక బోర్డులో కరెంటు తప్పకుండా ఉంటుందనే లెక్కలో ఉండాలి. ఇన్వర్టర్‌ను కూడా ఆపాలి. డ్యూప్లెక్స్‌లో ఇంకో తిరకాసు, మెట్ల లైటుకు ఫేజ్ కింది అంతస్తు నుంచి, న్యూట్రల్ పై అంతస్తు నుంచి లాగిన ఇళ్లు నేనే చూశాను. కరెంటు లీకైతే లైను తెంచేసే ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతోందని మొత్తుకునే ఇళ్లలో ఇదొక కారణం.

మేం కింది బోర్డు విప్పినప్పుడు బయటికొచ్చిన మూడు వైర్లూ ఎరుపే. ఒకే కాయిల్ నుంచి కోసుకున్నవి. టెస్టర్ పెడితే కరెంటు లేని జంట వైరు మీద కూడా అందులోని నియాన్ దీపం మిణుకుమంటుంది, ఎందుకంటే పక్కనే కరెంటు ఉన్న వైరు నుంచి కొంత ఓల్టేజీ దానికి అంటుకుంటుంది. అందుకని టెస్టర్‌ను నమ్ముకుని కామన్ ఏదో తేల్చడం కుదరదు. విప్పకముందే ఫొటో తీసుకుని, కామన్ వైరుకు ఒక దారం ముక్క కట్టుకోవడం అన్నిటికంటే తేలిక. మా తమ్ముడింట్లో ఆ పని అంతకుముందే ఎవరూ చేయలేదు కాబట్టి మల్టీమీటర్ తీయాల్సి వచ్చింది.

ఇది మనం చేసుకోవచ్చా అని అడుగుతారు కొందరు. 1956 నాటి ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనూ, వాటి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన నిబంధనల్లోనూ (2023లో వీటి స్థానంలోనూ కొత్తవి వచ్చాయి), లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలన్న షరతు నుంచి బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌ల మార్పిడికి మినహాయింపు ఉండేది. అయితే ఆ మార్పు వల్ల వైరింగ్ సామర్థ్యం, స్వభావం మారకూడదన్నది షరతు. టూ వే స్విచ్ తీసి డిమ్మర్ పెట్టడం స్వభావం మారినట్టా కాదా? చట్టం సంగతి లాయర్లు తేల్చాలి. ఇంట్లో మనుషుల లెక్కన చూస్తే మాత్రం మారినట్టే అని నా వాదన.

అన్నీ కుదిరాక అసలు గొడవ

కొత్త డిమ్మర్ బిగించాక పైస్విచ్ మీది టేపు పీకేశాం. కింద నొక్కితే వెలుగుతోంది, పైన నొక్కితే ఆరుతోంది, మోత లేదు, వణుకు లేదు. తమ్ముడు "ఇప్పుడేమంటావక్కా?" అన్నట్టు చూశాడు. ఆ రాత్రి వాళ్లు సినిమా చూశారు, నాబ్ బాగా కిందికి తిప్పి. పడుకోబోతూ నొక్కి ఆపేశారు. నేను ఆ రాత్రి అక్కడే ఉన్నాను.

నాలుగున్నరకు అమ్మ లేచి పైస్విచ్ వేసింది. లైటు వెలిగింది. రాత్రి తమ్ముడు వదిలేసినంతే వెలిగింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య అంచు కనిపించనంత మసకగా. అమ్మ ఆగి, స్విచ్ మళ్లీ ఆపి మళ్లీ వేసింది. అంతే వెలుగు. ఇంకోసారి నొక్కింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగింది. వెలుగు పెంచే నాబ్ దిగిన చోట ఉంది.

ఇక్కడే నా వాదనంతా ఉంది. టూ వే స్విచ్‌లో రెండు చివర్లకూ సమాన హక్కు. కింద ఉన్నవాడు ఏం చేసి వెళ్లినా పైన ఉన్న మనిషి ఒక్క నొక్కుతో పూర్తి వెలుగు తెచ్చుకోగలదు. అంతకుముందు ఎవరు ఏం చేశారో ఆమెకు తెలియక్కర్లేదు. డిమ్మర్ పెట్టగానే ఆ సమానత్వం పోతుంది. వేయడం, ఆపడం ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది కానీ ఎంత అన్నది ఒకరి చేతిలోనే ఉంటుంది. రెండోవాళ్లకు మిగిలేది మొదటివాళ్లు వదిలి వెళ్లినంత. పైగా ఆ రెండోవాళ్లు మన ఇళ్లలో ఎక్కువగా పెద్దవాళ్లు. వయసు పైబడేకొద్దీ కంటి లెన్సు పసుపుబారుతుంది, కనుపాప చీకట్లో అంతగా విచ్చుకోదు. కొడుక్కి చాలిన వెలుతురు తల్లికి చాలదు. నాబ్ తిప్పిన మనిషి తన కంటితోనే కొలుస్తాడు. కన్ను ఇంకో మోసం కూడా చేస్తుంది. వెలుగును పదో వంతుకు తగ్గించినా మనకు మూడో వంతు మిగిలినట్టే అనిపిస్తుంది. "కొంచెమే తగ్గించాను కదా" అని తమ్ముడు అన్నది అబద్ధం కాదు. వాడికి అలాగే కనిపించింది.

దీనికి తమ్ముడు వరసగా చెప్పినవి, నా జవాబులు.

పైన కూడా ఇంకో డిమ్మర్ పెడదామన్నాడు. ఒకే బల్బు మీద ఇలాంటి రెండు డిమ్మర్లు వరసగా పెట్టకూడదు, ఒకటి కోసిన కరెంటును ఇంకోటి మళ్లీ కోస్తుంది, రెండూ పాడయ్యే ప్రమాదం ఉంది. రెండు చోట్ల నుంచీ వెలుగు మార్చే డిజిటల్ రకాలు ఉన్నాయి. వాటిలో చాలా వాటికి బోర్డులో న్యూట్రల్ కావాలి, మెట్ల బోర్డులో ప్లగ్గు ఉండదు కాబట్టి న్యూట్రల్ కూడా రాదు. గోడ కొట్టాలి.

ఫోనుతో నడిచే స్మార్ట్ బల్బు పెడదామన్నాడు. దానికి గోడ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. మళ్లీ టేపు.

కొన్ని డిమ్మర్ల పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అంతకంటే కిందికి తగ్గకుండా హద్దు పెట్టొచ్చు అన్నాడు. ఇది మంచి మాట, చాలాసేపు ఆలోచించాను. అమ్మకు మెట్టు అంచు కనిపించేంత హద్దు పెట్టి చూశాం. ఆ హద్దు దగ్గర బల్బు టీవీలో కనిపిస్తూనే ఉంది. అమ్మకు చాలినంత వెలుగు వాడికి ఎక్కువ, వాడికి చాలినంత తక్కువ అమ్మకు చాలదు. ఇద్దరి మధ్యా పట్టేంత ఖాళీ ఆ నాబ్‌లో లేదు.

కరెంటు ఆదా అన్నాడు మరదలి తరఫున. 9 వాట్ల బల్బును సగానికి తగ్గించి రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు మిగిలేది అర యూనిట్. డిమ్మర్ ఖరీదు అలా ఎప్పటికి రావాలి!

నాకు నిజంగా గట్టిగా తగిలిన మాట మా కాలేజీలో ఒక కొలీగ్ అంది. వాళ్లింట్లో ఇద్దరే, మొగుడూ పెళ్లాం. డిమ్మర్ ఏళ్లుగా ఉంది, ఒక్క గొడవా లేదు. "నువ్వు డిమ్మర్‌ను తప్పుపడుతున్నావు గానీ, మీ తమ్ముడు పడుకునేముందు నాబ్ పెంచి పెడితే సరిపోతుంది కదా?" అంది. సరిపోతుంది. కానీ అది ప్రతి రాత్రీ ఒక మనిషికి గుర్తుండాలి. మర్చిపోతే దెబ్బ తగిలేది ఇంకో మనిషికి. వాళ్లింట్లో ఇద్దరూ ఒకే వయసు, ఒకే గంటకు పడుకుంటారు, డిమ్మర్ వాళ్లకు నప్పింది. అలాంటి ఇంటికి నా వాదన వర్తించదని ఒప్పుకుంటాను. పిల్లలు పెద్దవాళ్లయి వెళ్లిపోయి, అత్తగారో అమ్మో వచ్చి ఉంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది.

జీరో బల్బు, లో ఓల్టేజీ

మసక వెలుగు మన ఇళ్లకు కొత్త కాదు. పడకగదిలో గోడమీద ఎర్రదో ఆకుపచ్చదో జీరో బల్బు, దానికి విడిగా ఒక స్విచ్. పేరు జీరో అయినా 12, 15 వాట్లు తీసుకునేది. ఇప్పటి మన మెయిన్ బల్బు కంటే ఎక్కువ! ఆ ఏర్పాటులో తెలివి ఏమిటంటే, పెద్ద లైటు జోలికి ఎవరూ పోలేదు. మసక కావాలంటే మసక దీపం వేరు, వెలుతురు కావాలంటే వెలుతురు దీపం వేరు. ఎవరు ఏది నొక్కితే అదే వస్తుంది, నిన్న రాత్రి ఏం జరిగిందన్న దానితో నిమిత్తం లేదు.

అమ్మకు మసక వెలుగంటే ఉన్న చిరాకు మాత్రం అక్కడిది కాదు. సాయంత్రమైతే ఊళ్లో మోటార్లన్నీ ఆన్ అయ్యేవి, అరవై క్యాండిల్ బల్బులో ఫిలమెంట్ ఎర్రటి పురుగులా కనిపించేది. ట్యూబులైటు అసలు వెలిగేదే కాదు. నేను పదో తరగతి చదివింది ఆ వెలుగులోనే. ఎదురింటివాళ్లు స్టెబిలైజర్ కొంటే వాళ్ల గుమ్మంలో కూర్చుని చదివిన రాత్రులున్నాయి. అమ్మకు నాబ్ తిప్పి చూపించినప్పుడు ఆమె మొదటి మాట "లో ఓల్టేజీ పెట్టించుకున్నార్రా డబ్బులిచ్చి?" అని.

మరదలు పకపకా నవ్వింది. నవ్వాల్సిన మాటే. కానీ రెండు తరాల మధ్య అంతరం అందులో ఉంది. వెలుతురు నిండుగా ఉండటం కోసం పోరాడినవాళ్లకు తెల్లటి ట్యూబులైటు గొప్ప. పుట్టినప్పటి నుంచి నిండుగా ఉన్నవాళ్లకు మసక పసుపు గొప్ప. రెండిట్లో ఏదీ తప్పు కాదు. పడకగదిలో, హాల్లో ఎవరి ఇష్టం వాళ్లది. మెట్లు అలంకారం కోసం ఉన్న చోటు కాదు. అక్కడ అమ్మ పక్షమే నా పక్షం.

పడకగదిలో అయితే పెట్టుకోండి

అన్నిచోట్లా డిమ్మర్ వద్దనడం లేదు. కొత్త ఫ్లాట్లలో పడకగది లైటుకు తలుపు దగ్గర ఒక టూ వే, మంచం తలవైపు ఒక టూ వే ఇస్తున్నారు. అక్కడ మంచం దగ్గరి స్విచ్ తీసి డిమ్మర్ పెట్టుకుంటే హాయి. రెండు చివర్లలోనూ ఉండేది అదే మనుషులు, తలుపు నుంచి మంచానికి నాలుగడుగులు, మసకలో నడిచినా పడేదేమీ లేదు. తలుపు దగ్గర మాత్రం పెట్టొద్దు. పడుకున్నాక తగ్గించాలనిపించేది పడుకున్న మనిషికి. మేం ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ డిమ్మర్ ఇప్పుడు వాళ్ల మంచం పక్కకు మారింది, పసుపు డిమ్మబుల్ బల్బుతో. వీడియోలో ఉన్నట్టే ఉందని ఫొటో పెట్టింది.

ఒక జాగ్రత్త. డిమ్మర్‌తో ఆపిన లైటుకు బల్బు మార్చాలంటే ఆ లైనుకున్న బ్రేకర్ (ఎంసీబీ) కూడా ఆపండి. కొన్ని డిమ్మర్లు ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా కరెంటు జారవిడుస్తాయి. హోల్డర్‌లో చేయి పెట్టే ముందు ఆ నమ్మకం వద్దు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు ఇంకోటి, కరెంటు పోయినప్పుడు డిమ్మర్ జుయ్‌మంటే కంగారు పడకండి, నాబ్ పూర్తిగా తిప్పేయండి, లేకపోతే అప్పటికి ఆపేయండి.

మెట్ల దగ్గర ఏం చేశామో చెప్తాను. మళ్లీ మామూలు టూ వే స్విచ్ పెట్టి, జంట వైర్లు రెండూ యథాస్థానంలో కలిపాం. బల్బును టీవీ తెరలో కనపడని గోడకు జరిపి, కిందికి వెలుగు పడేలా మూత ఉన్న ఫిట్టింగు వేశాం. కన్సీల్డ్ పైపు ఉన్న చోటికే జరిగింది కాబట్టి గోడ కొట్టాల్సిన పని రాలేదు. సినిమా వేళల్లో పిల్లల కోసం కింది మెట్ల పక్కన పాదాల ఎత్తులో రెండు చిన్న దీపాలు, వాటికి హాల్లో వేరే స్విచ్. మొత్తం ఖర్చు ఆ డిమ్మర్, ప్లేటు, డిమ్మబుల్ బల్బు కలిపినంత కూడా కాలేదు. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు పెట్టొచ్చు కదా అని అడగబోయేవాళ్లకు: ఆలోచించాం. అమ్మ మెల్లగా దిగుతుంది, మధ్యలో ఆగుతుంది. టైమర్ అయిపోయి మెట్ల మధ్యలో లైటు ఆరిపోతే అంతకంటే అన్యాయం ఇంకోటి లేదు.

తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. బల్బు జరపడం వల్ల తగ్గిందే తప్ప డిమ్మర్ తీసేయడం వల్ల ఏమీ తేలలేదంటాడు. బల్బు జరిపి డిమ్మర్ కూడా ఉంచి చూడాల్సింది అంటాడు. లాజిక్ ప్రకారం వాడి మాటలో పాయింటుంది, కాదనను. మూత ఫిట్టింగులో పసుపు బల్బు వేద్దామని మరదలు, తెల్లదే ఉండాలని అమ్మ. ప్రస్తుతానికి తెల్లదే వెలుగుతోంది. పసుపు బల్బు కొని డబ్బాతో సహా స్విచ్ బోర్డు పక్క కిటికీలో పెట్టుకుంది మరదలు.